చర్లలో సిగ్నల్ వీక్.. హైదరాబాద్‌లో సర్వర్ బిజీ! అసలు లింక్ ఏంటి?

"సర్వర్ బిజీ.. కాసేపాగి ప్రయత్నించండి." ధరణి రోజుల నుంచీ మీసేవ సెంటర్ల ముందు నిలబడ్డవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. కానీ భద్రాద్రి ఏజెన్సీలో దీని ఖరీదు వేరు. చర్ల, దుమ్ముగూడెం అటవీ గ్రామాల నుంచి కుల సర్టిఫికెట్ కోసమో, పట్టా పని మీదో వచ్చిన మనిషి ఆ రోజు కూలి వదులుకుని వస్తాడు. సర్వర్ బిజీ అంటే ఇంకో రోజు కూలి పోయినట్టే.

వెంటనే వినిపించే డిమాండ్ ఒక్కటే.. సర్వర్ల కెపాసిటీ పెంచండి! మెషీన్లు పెంచితే కొంత ఊరట నిజమే. కానీ అసలు చిక్కు చాలాసార్లు మెషీన్‌లో ఉండదు, ముందు సర్వర్‌కీ వెనక సర్వర్‌కీ మధ్య ముడి ఎలా వేశారన్న దాంట్లో ఉంటుంది.

సర్వర్ ఒకటి కాదు.. రెండు!

ప్రభుత్వ, బ్యాంకు పోర్టళ్లలో జావా వాడకం ఎక్కువ. జావా పోర్టల్‌లో సాధారణంగా రెండు అంచెలుంటాయి. ముందు వెబ్ సర్వర్.. అంటే అపాచీ లేదా ఎన్‌జిన్‌ఎక్స్. మన ఫోన్ మాట్లాడేది దీనితోనే. వెనక అప్లికేషన్ సర్వర్.. టామ్‌క్యాట్, జేబాస్, వెబ్‌లాజిక్ లాంటివి. దరఖాస్తు చెక్ చేయడం, డేటాబేస్‌లో రాయడం, రసీదు ఇవ్వడం దీని పని.

టామ్‌క్యాట్‌నే తీసుకుందాం. సెట్టింగ్ మార్చకపోతే అందులో పనిచేసే థ్రెడ్లు గరిష్ఠంగా 200. 200 మంది క్లర్కులు అనుకోండి. ఒక్కో పని 0.2 సెకన్లలో అయిపోతే సెకనుకు 1,000 పనులు చేసేస్తారు. ఇప్పుడు అడవి అంచున సిగ్నల్ ఒక గీత మీద ఉన్న సెంటర్ నుంచి 2 ఎంబీ స్కాన్ అప్‌లోడ్ చేస్తున్నారు. 400 కేబీపీఎస్ స్పీడ్‌లో అది వెళ్లడానికి 40 సెకన్లు! ముందు సర్వర్ లేకపోయినా, ఉండి కూడా వచ్చింది వచ్చినట్టు వెనక్కి తోసేస్తున్నా.. ఆ 40 సెకన్లూ ఒక క్లర్క్ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అందరూ ఇలాగే పంపితే సెకనుకు 1,000 కాదు, 5 పనులే అవుతాయి. సీపీయూ ఖాళీ, మెమరీ ఖాళీ.. కానీ బోర్డు మాత్రం 'బిజీ'. దెబ్బ చర్లకే కాదు, మంచి ఫైబర్ లైన్ ఉన్న ఖమ్మం సెంటర్‌కు కూడా!

కౌంటర్ దగ్గరే నిలబడి ఫారం నింపే మనిషిని చూసే ఉంటారు కదా. వెనక లైన్ మొత్తం ఆగిపోతుంది. తెలిసిన అటెండర్ ఏం చేస్తాడు? ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఫారం పూర్తయ్యాకే కౌంటర్‌కు పంపిస్తాడు. ముందు సర్వర్ చేయాల్సింది కూడా ఇదే.

ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగ్ మార్చకపోతే అప్‌లోడ్ మొత్తాన్ని తన దగ్గర దాచుకుని, పూర్తయ్యాకే జావాకు ఇస్తుంది. ఒకే మెషీన్ మీద 10 వేల కనెక్షన్లు మోయడం ఎలా అన్న సమస్య కోసమే ఇగోర్ సిసోయెవ్ దీన్ని తయారుచేసి 2004లో విడుదల చేశారు. అపాచీ చేతకానిదేం కాదు, వెబ్‌లాజిక్ లాంటివి కొన్నచోట దాని ప్లగిన్ల కోసమే అపాచీని ఎంచుకోవడం మామూలే. కాకపోతే లెక్క కుదరాలి. అపాచీని 400 మందిని లోపలికి రానిచ్చేలా పెట్టి, వెనక టామ్‌క్యాట్‌ను 200 దగ్గరే వదిలేస్తే మిగతా 200 మంది ఎక్కడ నిలబడాలి?

గోదావరి పెరిగితే ఒకలా.. కల్యాణానికి ఒకలా

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! అలాంటి రోజుల్లో అందరూ వెతికేది ఒకే అంకె, నీటిమట్టం ఎంత అని. ఆ పేజీ అందరికీ ఒకటే. ముందు సర్వర్ దాన్ని 30 సెకన్ల పాటు దాచి ఇస్తే, లక్ష మంది చూసినా జావా దాకా వెళ్లేది అర నిమిషానికి దాదాపు ఒక్క రిక్వెస్టే.

శ్రీరామనవమి కల్యాణం టికెట్ల లెక్క వేరు. ఎవరి సీటు వాళ్లదే, దాచి ఇవ్వడం కుదరదు. ప్రతి క్లిక్ జావా దాకా, డేటాబేస్ దాకా వెళ్లాల్సిందే. ఇక్కడ ముందు సర్వర్ చేయగలిగింది లైన్ కట్టించడమే.

అసలు నష్టం ఇక్కడే. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు చూసి, జావా నుంచి జవాబు రాకపోతే '504' చూపించి తప్పుకుంటుంది. జావా మాత్రం పని ఆపదు. 70వ సెకనులో పేమెంట్ పూర్తయిపోవచ్చు. డబ్బు కట్ అయింది, టికెట్ స్క్రీన్ మీద లేదు! మనిషి మళ్లీ నొక్కుతాడు. ప్రతి చెల్లింపుకూ ఒకే నంబర్ ఇచ్చి, రెండోసారి వస్తే గుర్తుపట్టేలా కోడ్ రాయకపోతే రెండుసార్లు కట్ అవుతుంది.

ఫోన్ వాడేవాళ్లకే తగిలే చిక్కు ఇంకోటి. వెనక నాలుగు జావా సర్వర్లు పెట్టి, ఐపీ అడ్రస్ చూసి పంచితే? మొబైల్ కంపెనీలు వేల మందిని ఒకే ఐపీ వెనక ఉంచుతాయి. అంతా ఒకే సర్వర్ మీద పడతారు. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే ఐపీ మారి లాగిన్ పోతుంది. కుకీ చూసి పంచడం మేలు. భద్రాచలం పక్కనే, 2014లో ఆంధ్రాలో కలిసిన ఎటపాక వాళ్లకు పోర్టల్ వేరు.. ఫోన్ తిప్పలు మాత్రం ఇవే.

భద్రత సంగతి కూడా ఉంది. అపాచీకీ టామ్‌క్యాట్‌కూ మధ్య మాటలకు ఏజేపీ అనే దారి, 8009 పోర్ట్ ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో 'ఘోస్ట్‌క్యాట్' లోపం బయటపడేదాకా అది సెట్టింగ్ మార్చకపోతే తెరిచే ఉండేది. బయటివాళ్లు ఆ దారిన అప్లికేషన్ ఫైళ్లు చదివే వీలుండేది. 9.0.31 వెర్షన్ నుంచి దాన్ని మూసేసి ఇస్తున్నారు. పాత వెర్షన్ నడుపుతున్న ఆఫీసులు ఇవాళే చూసుకోవాలి.

ఇక టెస్టింగ్. ఆఫీసు ఫైబర్ మీద లోడ్ టెస్ట్ చేస్తే ఏ పోర్టలైనా పాసవుతుంది. 400 కేబీపీఎస్‌కు కట్టేసిన లైన్ల మీద 200 మంది ఒకేసారి 2 ఎంబీ ఫైల్ పంపినట్టు చేసి చూపించమని టెండర్‌లోనే రాయాలి. ఏజెన్సీ జిల్లాల పోర్టళ్లకైనా ఈ ఒక్క షరతు పెట్టడానికి అడ్డేంటి?

ఈలోగా మీ ఫోన్‌లో '504' వస్తే మళ్లీ 'పే' నొక్కకండి. ముందు బ్యాంక్ మెసేజ్, తర్వాత పోర్టల్‌లో ట్రాన్సాక్షన్ స్టేటస్ చూడండి. '413' వస్తే మాత్రం సిగ్నల్‌ను తిట్టుకోవద్దు. ఫైల్ సైజ్ ఎక్కువైందని ముందు సర్వర్ వెనక్కి పంపింది. ఎన్‌జిన్‌ఎక్స్ మార్చకుండా వదిలేసిన లిమిట్ 1 ఎంబీ.. స్కాన్ సైజ్ తగ్గించి మళ్లీ పంపండి.