పండుగప్పకి ముహూర్తం

సినిమాల్లో చేపలు పట్టడం ఎంత తేలికో! హీరో గట్టుమీద కూర్చుని గాలం వేస్తాడు. బెండు మునుగుతుంది. లాగితే చేపకి బదులు హీరోయిన్ పైటచెంగు వస్తుంది. వెంటనే డ్యూయెట్టు!

మా గాలాలకి ఇంతవరకూ పడ్డవి చెప్పనా? ఒక సైకిల్ ట్యూబు, రెండు జెల్లలు, ఒక మిత్రుడు. ఆ మూడోదాని గురించే ఈ వారం కబుర్లు.

'చెమ్మీన్' (1965) చూసి మా అన్నయ్యల తరం, 'ఉప్పెన' (2021) చూసి మీ తరం సముద్రం మీద మోజు పడ్డారు. మాకంత ధైర్యం ఎక్కడిది? మాకు గుంట చాలు. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే దారికి కాస్త ఎడంగా, సరుగుడు తోటల వెనకాల వుంది మా గుంట. సరిగ్గా ఎక్కడో చెప్పను. చెబితే వచ్చే ఆదివారం మాకు గట్టుమీద చోటుండదు! అరెకరం కూడా వుండదది. ఒక మూల నుంచి సన్నటి కాలవ పోయి పెద్ద కాలవలో, అది పోయి సముద్రంలో కలుస్తుంది. పెద్ద పోటొస్తే ఉప్పునీళ్లు లోపలికొస్తాయి. వానలు పడితే పైనుంచి మంచినీళ్లు. ఇలాంటి చోటంటే పండుగప్పకి ప్రాణం.

పోయినసారి మాకు ప్లానూ లేదు, పాడూ లేదు. నలుగురం, మూడు గాలాలు, ఒక టిఫిన్ కారియరు. వెళ్లేసరికి ఆటు. గుంటలో నీళ్లు సగం తీసి, అంచున బురద పైపైన ఆరి, సిమెంటు చేసినట్టు మెరుస్తోంది. ఒక గాలం అవతల వేరుకి తగులుకుంది. మావాడొకడు పాంటు మడిచి, హీరోలా దిగాడు. మొదటి అడుగు మోకాలు దాకా. మేం నవ్వాం. రెండో అడుగు తొడల దాకా. ఇంకా నవ్వాం. నడుం దాటాక గానీ మాకు నవ్వు ఆగలేదు. వాడు కాళ్లు తన్నుకున్న కొద్దీ దిగిపోతున్నాడు. అంతలో కాలవలో నీళ్లు వెనక్కి తిరిగాయి. పోటు మొదలైంది!

ఒడ్డున ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. పీతల బుట్టతో వస్తున్న ఒక పెద్దావిడ కేకేసింది. "ఒరే అబ్బాయ్, కాళ్లు కొట్టమాక! ఎల్లకిలా పడుకో!" వాడు పడుకున్నాడు. రెండు తాటిమట్టలు వాడి చేతికిందకి తోయించింది. మెల్లగా ఒక్కో కాలూ వదులు చేసుకోమంది. అరగంట పట్టింది. వాడు బైటికొచ్చేసరికి, వాడు దిగినచోట నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. వాడి చెప్పులు ఇప్పటికీ అక్కడే వున్నాయి. ఇంట్లో మాత్రం బస్సులో పోయాయని చెప్పాడు.

ఇప్పుడు వాడే మళ్లీ వెళ్దామంటున్నాడు! సరే, ఈసారి సినిమాకి పెట్టినట్టే ముహూర్తం పెట్టి వెళ్తాం అన్నాను.

పంచాంగం తీశాం. పౌర్ణమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా పెద్దది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. అవి కూడా రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. వేళలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి గానీ అవి సముద్రపొడ్డువి. కాలవలు తిరిగి మా గుంటలోకి నీళ్లు ఎప్పటికొస్తాయో ఫోనుకేం తెలుసు? అందుకే పోయిన ఆదివారం నేనొక్కణ్ణే వెళ్లి ఆ పెద్దావిణ్ణి అడిగొచ్చాను. విదియనాడు పొద్దున్నే రమ్మంది. నీళ్లు నిండి, మళ్లీ తీయడం మొదలెట్టినప్పుడు కాలవ నోటి దగ్గర గాలం వేయమంది. నీళ్లతోపాటు కొట్టుకొచ్చే చిన్న రొయ్యల కోసం పండుగప్ప అక్కడే కాపు కాస్తుందట.

ఇంకో సంగతీ తెలిసింది. గుంట ఆ యేడు పాట పాడుకున్న వాళ్లది! అంటే పోయినసారి మేం దొంగలమన్నమాట. ఆయన దగ్గరికి వెళ్లి అడిగితే "గాలమేగా, వేసుకోండి, వల మాత్రం తేకండి" అన్నాడు. ఒక షరతు పెట్టాడు. ఎరకి బజారు రొయ్యలు తేకూడదు. చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులు. 1990ల్లో తెల్లమచ్చ తెగులొచ్చి ఎన్ని సంసారాలు గుల్లయ్యాయో ఆయన చూశాడు. పచ్చిరొయ్యతో ఆ తెగులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది. అంచేత ఎర అక్కడి కాలవలోదే.

సామాను తక్కువే. వెదురు గడలు, లావు నైలాను దారం. పండుగప్ప చెంపరేకు అంచు బ్లేడులా వుంటుంది, సన్నదారమైతే తెగ్గొట్టుకు పోతుంది. జెల్ల పడితే పట్టుకోడానికి ఒక పాతగుడ్డ, ఎందుకంటే దాని రెక్కల దగ్గర ముళ్లున్నాయి, గుచ్చుకుంటే ప్రాణం లేచిపోతుంది. అందుకని ఫ్లాస్కులో వేణ్ణీళ్లు. ఓర్చుకోగలిగినంత వేడిలో చెయ్యి ముంచితే పోటు తగ్గుతుంది. మిగిలితే కాఫీకి పనికొస్తాయి! వీటన్నిటికంటే ముందు ఒక పొడుగాటి మోకు. రెండు తాటిమట్టలు అక్కడే దొరుకుతాయి.

పండుగప్ప గురించి మీకు నచ్చే కబురొకటి చెప్తాను. అది హీరోగా మొదలై హీరోయిన్ అయిపోయే చేప. చిన్నతనంలో మగది, కొన్నేళ్లు పోయి బాగా పెరిగాక ఆడది అవుతుంది. కాబట్టి మరీ పెద్దది పడితే ఫోటో తీసుకుని నీళ్లలోకే వదిలెయ్యాలని మేం ముగ్గురం తీర్మానించాం. నాలుగోవాడు ఒప్పుకోలేదు. చెప్పులు పోగొట్టుకున్నవాడు వాడు, ఏదో ఒకటి ఇంటికి తీసుకెళ్లాలట.

వాడికి ఈసారి ఉద్యోగం ఇచ్చాం: గట్టుమీదే కూర్చుని కారియరు కాపలా. గాలం ఎక్కడ తగులుకున్నా దారం తెంపెయ్యడమేగానీ ఎవడూ నీళ్లలో దిగకూడదు. పది రూపాయల కొక్కెం కోసం అంత కథ ఎందుకు? ఆ పెద్దావిడకి మాత్రం ఒక చీర కొన్నాం. ఏ రంగు అని నలుగురం కొట్టుకుని, ఆఖరికి మా చెల్లెలు ఎంచింది.

విదియ ఈ శనివారమే. తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు. చేప పడితే వచ్చేవారం దాని సంగతి రాస్తాను. పడకపోతే ఎప్పట్లాగే సినిమా కబుర్లు.