నంద్యాల దాటని వార్త

2016 మే 31న నంద్యాల ప్రాంతపు రైతులు వేల సంఖ్యలో కృష్ణా తీరానికి బయలుదేరారు. శ్రీశైలం డ్యామ్‌కు ఎగువన, సిద్ధేశ్వరం వద్ద ఒక అలుగు కట్టాలన్నది వారి కోరిక. ప్రభుత్వం కట్టదు గనుక శంకుస్థాపన తామే చేస్తామన్నారు. పోలీసులు అనుమతి ఇవ్వలేదు. దారుల్లో అడ్డగించారు, నాయకులను అదుపులోకి తీసుకున్నారు. అయినా జనం ఆగలేదు. సంగమేశ్వరం దారి పట్టి, పేరుకు శంకుస్థాపన జరిపించే వెనుదిరిగారు.

అప్పటి కర్నూలు జిల్లా పేజీలు చదివినవారికి ఇది తెలిసిన సంగతే. విశాఖలోనో, రాజమండ్రిలోనో, వరంగల్‌లోనో ఉన్న మన బంధువులను అడిగి చూడండి. సిద్ధేశ్వరం అన్న పేరే విననివారు ఎక్కువమంది తేలుతారు. ప్రభుత్వాన్ని ధిక్కరించి వేలమంది రోడ్డెక్కిన రోజు కూడా పక్క జిల్లాకు తెలియకుండా గడిచిపోతుందా? గడిచిపోతుంది. ఎలా గడిచిపోతుందో ఈ వారం చూద్దాం.

ముందు ఆ రైతుల మాట వినాలి. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకూ, కడప జిల్లాకూ, తెలుగుగంగ ద్వారా చివరికి చెన్నై కొళాయిలకూ నీళ్లు వెళ్లేది పోతిరెడ్డిపాడు తూముల నుంచే. ఆ తూములకు నీరు సరిగా అందాలంటే జలాశయంలో మట్టం 854 అడుగులకు పైన ఉండాలి. కరెంటు కోసం, దిగువ అవసరాల కోసం నీళ్లు వదిలేకొద్దీ మట్టం పడిపోతుంది. 1996లో జి.ఓ. 69 ఈ కనీస మట్టాన్ని 834 అడుగులకు దించింది. గొడవలు జరిగాక 2004లో జి.ఓ. 107 మళ్లీ 854 అన్నది. జి.ఓ. కాగితం మీద ఉంటుంది, నీళ్లు మాత్రం టర్బైన్లలోకి పోతుంటాయి. పైగా ఏటా పూడిక. మొదట 308 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం ఇప్పుడు 215 చిల్లర మాత్రమే పడుతోంది. ఎగువన అలుగు ఉంటే కొంత నీరైనా దాని వెనుక నిలుస్తుంది, పూడికా తగ్గుతుంది అన్నది రైతుల వాదన. ఇంజనీర్లు దీన్ని ఔననవచ్చు, కాదనవచ్చు. అవతలి గట్టున తెలంగాణవారికి తమ అభ్యంతరాలు ఉండవచ్చు. అది చర్చించి తేల్చవలసిన విషయం. చర్చించడానికి ముందు నలుగురికీ తెలియాలి కదా!

నిజానికి ఈ నీటి గుండా ఇంకా పాత మౌనం ఒకటి ఉంది. 1981లో ఇదే జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. లక్షకు పైగా జనం కదిలిపోయారు. ఆ జూన్ నెలలో యంత్రాలతో, పోలీసులతో ఇళ్లు కూల్చిన తీరు మీద నిజనిర్ధారణకు వెళ్లినవారు రాసిన నివేదికలే నేటికీ మనకు ఆధారం. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంటూ 1986లో జి.ఓ. 98 వచ్చింది. ఆ ఉద్యోగం కోసం రిలే దీక్షల్లో కూర్చున్న కుర్రవాళ్లు కూర్చునే నడివయసుకు వచ్చారు. ఇన్నేళ్ల దీక్షలకు దక్కిన చోటు ఎక్కువగా జిల్లా పేజీలో ఒక మూల.

ఈ జిల్లా పేజీ సంగతి కొంచెం నిలబడి చూడాలి. 1989లో 'ఈనాడు' జిల్లాకొక చిన్న పత్రికను ప్రధాన పత్రికతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. తక్కిన పత్రికలూ అదే దారి పట్టాయి. దానివల్ల జరిగిన మేలును కాదనలేం. మహల్లా కొళాయి ఎండిపోతే వార్త అయింది. ఉర్దూ పాఠశాలకు టీచరు లేడంటే వార్త అయింది. మన ఉర్సు, మన ఈద్‌గా ఫోటోలు కూడా అక్కడే వచ్చాయి. కాని వెనుకటి రోజుల్లో రాష్ట్రం మొత్తానికి ఒకే పేజీలో పడే చిన్న వార్త ఇప్పుడు జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయింది. నంద్యాలలో చొక్కాలు చించుకున్నా గుంటూరు పాఠకుడికి తెలియదు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పాడై చనిపోతున్నవారి గోడు ఆళ్లగడ్డకు చేరడానికి ఏళ్లు పట్టింది. ఎవరి కష్టం వారి జిల్లాలోనే అచ్చవుతుంది, అక్కడే పాతబడుతుంది.

ఈ గోడకు తలుపు లేదని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. అదీ ఒక పల్లెటూరి వార్తే. 'ఈనాడు' దానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించి ప్రతి జిల్లాకూ చేరవేసింది. ఊరూరా ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ తల్లుల తెగువను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని తలుపు తాళం ఎవరి చేతిలో ఉందో అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత టి.వి. వార్తా చానెళ్లు వచ్చాయి, రాష్ట్రం రెండుగా చీలే రోజులూ వచ్చాయి. 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు అరెస్టుతో రగిలిన ఉద్యమం, డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటనతో ఒక మలుపు తిరిగింది. అది వెలువడగానే ఇవతల ఆందోళనలు మొదలయ్యాయి, డిసెంబరు 23న ఇంకో ప్రకటన వచ్చింది. అప్పటినుంచి 2014 దాకా తెలుగునాట వీధి ఖాళీగా ఉన్న నెల లేదు. 2011లో తెలంగాణలో 42 రోజుల సకల జనుల సమ్మె. 2013లో సీమాంధ్రలో రెండు నెలలు దాటిన ఉద్యోగుల సమ్మె. రెండు చోట్లా అవే వంటావార్పులు, అవే మానవహారాలు, అవే రోడ్ల మీది ఆటలు. అక్కడ అది 'పోరాటం' అయితే ఇక్కడ 'అల్లరి'. ఇక్కడ 'ప్రజాగ్రహం' అయితే అక్కడ 'పెట్టుబడిదారుల నాటకం'. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్‌పై మిలియన్ మార్చ్‌లో విగ్రహాలతోపాటు టి.వి. వాహనాలూ ధ్వంసమయ్యాయి. ఆ పని తప్పే. చానెల్ బండిని చూడగానే అది శత్రువు బండి అని జనానికి ఎందుకు తోచిందో కూడా ఆలోచించాలి.

ఆ ఆలోచనకు ఆధారం ప్రభుత్వ కాగితాల్లోనే దొరుకుతుంది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న ఇచ్చిన నివేదికలో ఎనిమిదో అధ్యాయాన్ని బయటపెట్టకుండా సీలు వేసిన కవరులో కేంద్రానికి అందించారు. దానిపై దాఖలైన వ్యాజ్యంలో 2011 మార్చి 23న హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పు చెబుతూ ఆ రహస్యపత్రంలోని కొన్ని భాగాలను తీర్పులోనే చేర్చారు. అందులో పత్రికలను, చానెళ్లను ఎలా 'నిర్వహించాలి' అన్న సలహా ఉంది. రాష్ట్రంలో సుమారు 13 చానెళ్లు, 5 ప్రధాన పత్రికలు ఉన్నాయనీ, రెండు చానెళ్లు తప్ప తక్కినవి సమైక్యవాదానికి అనుకూలమనీ, యాజమాన్యాలు సీమాంధ్రవారివనీ లెక్క వేశారు. క్షేత్రంలో తిరిగే విలేఖరులు స్థానికులు గనుక తమ ప్రాంతపు వార్తలే పట్టుకుంటారన్నారు. చివరి మాట అసలైనది. పత్రికలు ప్రభుత్వ ప్రకటనల ఆదాయం మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి జాగ్రత్తగా వాడుకుంటే పని జరుగుతుందని!

పాఠకులు గమనించాలి. ఇది వీధిలో అరిచేవారు చేసిన ఆరోపణ కాదు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షత వహించిన కమిటీ రాసిన మాట. తెలంగాణవారు 'మా మాట రావడం లేదు' అని మొత్తుకున్నది వట్టి అనుమానం కాదని ఆ కాగితమే ఒప్పుకున్నది. 2011 జూన్‌లో 'నమస్తే తెలంగాణ' ఎందుకు పుట్టిందో కూడా అది చెప్పకనే చెబుతుంది. మంచి ప్రయత్నాలు లేకపోలేదు. హెచ్.ఎం. టి.వి. 'దశ-దిశ' పేరుతో రెండు ప్రాంతాల్లోనూ సభలు పెట్టి ఒకరి మాట ఒకరికి వినిపించింది. అలాంటివి వేళ్లమీద లెక్కించదగినవే.

మరి సీమాంధ్ర యాజమాన్యాలు ఉన్నాయి గనుక సీమ మాట వినిపించిందా? 2013 చివరలో కర్నూలు, అనంతపురం జిల్లాలను తెలంగాణతో కలిపి 'రాయల తెలంగాణ' చేస్తారన్న ఆలోచన ఢిల్లీలో నడిచింది. మజ్లిస్ పార్టీ కూడా ఆ మాటకు మొగ్గు చూపింది. అంటే నంద్యాల, ఆళ్లగడ్డ, శ్రీశైలం ఏ రాష్ట్రంలో ఉంటాయో తేలని రోజులవి. తెరల మీద అడ్డంగా పరుగెత్తే అక్షరాల్లో మన జిల్లా అటూ ఇటూ తిరిగింది. ఇక్కడి రైతుకు, ఇక్కడి దర్జీకి, నంద్యాల మార్కెట్‌లో మూటలు మోసేవాడికి ఏది మేలో అడిగిన మైకు మాత్రం అరుదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ విభజన బిల్లును ఆమోదిస్తుండగా ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. తెలుగువారి విభజనను తెలుగువారే చూడలేకపోయారు.

చీలిక తర్వాత ఏం మారింది? మీటను నొక్కే చేతులు మారాయి. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్‌వారు టి.వి.9, ఏ.బి.ఎన్. ప్రసారాలు నిలిపివేశారు. 2016 జూన్‌లో ముద్రగడ పద్మనాభం దీక్ష సమయాన ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టి.వి. ఆగింది. 2019లో టి.వి.5, ఏ.బి.ఎన్. వంతు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే మళ్లీ సాక్షి, టి.వి.9, ఎన్.టి.వి. తదితరాల వంతు. కొన్నిసార్లు ప్రభుత్వం తనకేమీ తెలియదన్నది, కేబుల్‌వారిది అన్నది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే తంతు. తన చానెల్ ఆగినప్పుడు పత్రికా స్వాతంత్ర్యం గుర్తుకు రావడం, ఎదుటివాడిది ఆగినప్పుడు నిద్ర రావడం మన నాయకులకు అలవాటైంది.

ఇక పత్రికలకు ఇప్పుడు రాష్ట్రానికొక ముఖం. 2020 మే నెలలో శ్రీశైలం నుంచి సీమకు ఎత్తిపోతల కోసం ఆంధ్రప్రదేశ్ జి.ఓ. 203 ఇచ్చింది. హరిత ట్రిబ్యునల్ ఆపింది. ఒకే జలాశయం, ఒకే జి.ఓ. ఇటువైపు 'సీమ హక్కు', అటువైపు 'జలదోపిడి'. నాగర్‌కర్నూలు రైతుకూ నీళ్లు లేవని ఆళ్లగడ్డ రైతుకు తెలియనివ్వలేదు, ఆళ్లగడ్డ సంగతి అతనికీ తెలియనివ్వలేదు. 2021 జులైలో ప్రాజెక్టుల మీద రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించినప్పుడు, చూసేవారికి అది రెండు దేశాల సరిహద్దులా ఉంది.

రాజధాని తగవులోనూ ఇదే. 2019 డిసెంబరు 17 తర్వాత అమరావతి రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఏళ్ల తరబడి దీక్షలో ఉన్నారు. వారిని 'పెయిడ్ ఆర్టిస్టులు' అన్నారు. 2022 డిసెంబరు 5న కర్నూలులో హైకోర్టు కోసం రాయలసీమ గర్జన జరిగితే దాన్ని అధికార పార్టీ సభగా తోసిపుచ్చారు. రెంటికీ తమ తమ పత్రికలు ఉన్నాయి గనుక రెండూ మొదటి పేజీకి ఎక్కాయి, సగం సగం సత్యంతో. సిద్ధేశ్వరం రైతుకు ఏ పార్టీ సొంతం కాదు. అతనికి సొంత పత్రికా లేదు.

మన పాఠకులకు 'డబ్బు తీసుకుని కూర్చున్నారు' అన్న మాట కొత్త కాదు. 2019 డిసెంబరు నుంచి 2020 మార్చి దాకా ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో చలికి వణుకుతూ కూర్చున్న అమ్మలను, అవ్వలను అదే మాట అన్నారు. 2020 జనవరి 4న హైదరాబాద్ ధర్నాచౌక్‌కు పోటెత్తిన జనం శాంతిగా వచ్చి శాంతిగా వెళ్లారు. ఆ మాట ఎన్ని ఇళ్లకు చేరింది? ఆ రోజుల్లో మనకు కలిగిన బాధ గుర్తుంటే, అమరావతి రైతమ్మను 'ఆర్టిస్టు' అన్నప్పుడు మనలో కొందరు ఎందుకు నవ్వారని అడగవలసి వస్తుంది. మన చరవాణుల్లో ఆ నవ్వులు మనమూ పంచిపెట్టాం.

2022 అక్టోబరులో కేంద్రం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కృష్ణపై 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనను ప్రకటించింది. చిత్రాలు రెండు రాష్ట్రాల పత్రికల్లోనూ రంగుల్లో వచ్చాయి. వంతెన ఎలాగూ కడుతున్నారు గనుక దాని కిందే నీరు నిలిచేలా బ్యారేజీ కూడా కట్టండి అని నంద్యాల రైతులు 2023 జనవరిలో మళ్లీ రోడ్డెక్కారు. ఏటా మే 31న కూడా అక్కడికి వెళ్తూనే ఉన్నారు. నంద్యాల 2022 ఏప్రిల్ 4 నుంచి వేరే జిల్లా అయింది గనుక, ఆ వార్త ఇప్పుడు కర్నూలు పేజీలో కూడా దొరకకపోవచ్చు.