పాపికొండల తొలి చరిత్ర

రాజమహేంద్రవరం వద్ద కిలోమీటర్ల వెడల్పున పరచుకొని సాగే గోదావరి, అంతకు ఎగువన పాపికొండల నడుమ కొన్ని వందల గజాలకు ఒదిగి, లోతుగా, నిశ్శబ్దంగా ప్రవహిస్తుంది. తలపై తీర్చిన పాపిడివలె నది కొండలను రెండుగా చీల్చినందున వాటికి ఈ పేరు వచ్చిందని జనులు చెప్పుకుంటారు. అడవిదున్నలు సంచరించే చోటు కనుక ఆంగ్లేయులు వీటిని ‘బైసన్ హిల్స్’ అన్నారు.

ఈ అరణ్యం 1882లో రిజర్వు అడవి అయిందనీ, 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా రూపొందిందనీ, దాని విస్తీర్ణం సుమారు 1,013 చదరపు కిలోమీటర్లనీ సాధారణంగా చెబుతారు. ఈ వివరాలు సత్యమే. కాని ప్రభుత్వ ఉత్తర్వుల వరుసనే ఆ ప్రాంత చరిత్రగా భావించడం న్యాయం కాదని నా అభిప్రాయం. 1882కు ముందు అక్కడ ఉన్నది నిర్జనారణ్యం కాదు.

నదికి ఇరువైపులా కొండరెడ్లు, కోయలు నివసించేవారు. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లి, కొన్నేళ్లకు ఆ నేలను విడిచి మరొక వాలుకు పోవడం వారి పోడు వ్యవసాయం. గోదావరి పాపికొండలలో ప్రవేశించడానికి ముందున్న రేకపల్లి ప్రాంతం 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు ప్రభుత్వం క్రిందికి వచ్చింది. అంతవరకు పోడు కొట్టే ఒక్కొక్క గొడ్డలికి నాలుగణాలుగా ఉన్న పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని చోట్ల పోడే నిషిద్ధమైంది. తూర్పున రంపదేశంలో ఇంటి అవసరానికి కల్లు గీసుకొనడాన్ని సైతం ఆబ్కారీ నిబంధనలు అడ్డగించాయి. 1879 మార్చిలో ముఠాదారులు తిరుగుబాటు చేశారు. అది త్వరలోనే రేకపల్లికి ప్రాకింది. 1880 నాటికి దానిని అణచివేశారు. మద్రాసు అటవీ చట్టం వచ్చినది 1882లోనే. అంటే, ఏ అడవిపై హక్కు కోసం గిరిజనులు పోరాడారో ఆ అడవి, వారు ఓడిన రెండేళ్లకు రిజర్వు అయింది. ఉద్యానవనపు తొలి అధ్యాయం ఇదే కావాలి.

మన సాహిత్యం కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో దక్షారామ పరిసరాల గోదావరిని ఎంతో కీర్తించాడు. కొండల లోపలి గోదావరి నేను చదివిన కావ్యాలలో అరుదు. కొండరెడ్ల మాతృభాష తెలుగే. అయినా వారి జీవితాన్ని వివరంగా చెప్పిన గ్రంథం 1945లో ఆంగ్లంలో వెలువడింది. దాని రచయిత ఆస్ట్రియా దేశస్థుడైన హైమెన్‌డార్ఫ్!

పోడు వల్ల అడవి నశించదా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. జనం కొద్దిగా, నేల విస్తారంగా ఉన్ననాడు విడిచిన వాలులో అడవి మరల మొలిచేది. నేడు ఆ వెసులుబాటు లేదు. అయితే ఈ కొండల కలపను తెప్పలుగా కట్టి దిగువకు తరలించిన వ్యాపారాన్ని మరచి, నేరమంతా గొడ్డలి పట్టిన గిరిజనునిపై మోపడం సత్యం కాదు. అటవీ నివాసుల హక్కులను గుర్తించిన చట్టం 2006లో వచ్చింది, ఉద్యానవనం 2008లో. జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడం కూడా చట్టసమ్మతం కాదు. వన్యప్రాణులకు రక్షణ అవసరమే, కాని అక్కడి మనుషులను సంప్రదించిన తరువాతనే.

ఇప్పుడు పోలవరం జలాశయం వల్ల నదీతీర గ్రామాలు ముంపునకు గురవుతున్నాయి. ఊరితోపాటు వాగులకు, గట్లకు, బండలకు తరతరాలుగా ఉన్న పేర్లు కూడా మునుగుతాయి. ఆ పేర్లు తెలిసిన వృద్ధులు పునరావాస కాలనీలలో ఉన్నారు. ఏ వాగును ఏమని పిలిచేవారో, ఏ వాలున ఎవరు పోడు కొట్టారో వారిని అడిగి వ్రాసి, ఉద్యానవన చరిత్రలో 1882కు ముందు పుటలుగా చేర్చాలి. అందుకు ఉన్న వ్యవధి స్వల్పం.