ఇంటికి అలంకారం ఎవరి కోసం?

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన వరాలను దివ్య ఖుర్ఆన్‌లోని అన్-నహ్ల్ సూరా వరుసగా గుర్తు చేస్తుంది. వర్షం, పాడి, ఫలాలు, తేనె ప్రస్తావనల తర్వాత 80వ ఆయత్‌లో మన ఇళ్ల మాట వస్తుంది. వాటిని మనకు విశ్రాంతి నెలవుగా చేసినవాడు అల్లాహ్‌యేనని ఆ ఆయత్ చెబుతుంది. అక్కడ వచ్చిన 'సకన్' అనే అరబీ పదంలో నివాసం, నెమ్మది అనే రెండు అర్థాలూ ఇమిడి ఉన్నాయి. కనుక ఒక ఇల్లు ఎంత అందంగా ఉన్నదని అడగడానికి ముందు, అందులో ఉండేవారికి నెమ్మది దక్కుతున్నదా అని అడగాలి. ఈ నెల ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది.

కొన్ని మాసాల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకరు మమ్మల్ని చూడవచ్చాడు. కువైట్‌లో పదకొండేళ్లు కష్టపడి, రాజమహేంద్రవరం శివారులో నూట యాభై గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది, ఇక లోపలి పని మిగిలింది. అందుకు ఒక ఇంటీరియర్ డిజైనరును కుదుర్చుకుని, ఆయన గీసిన బొమ్మలను ఫోనులో మాకు చూపించాడు. ఫాల్స్ సీలింగ్, అందులో దాచిన దీపాలు, టీవీ గోడ నిండా ప్యానెళ్లు, గాజు తలుపుల బీరువా, హాలులోకి తెరచి ఉన్న వంటగది కనిపించాయి. ఒక మూల పూజా మందిరం కూడా ఉంది. "వేరొకరి ఇంటి బొమ్మలోంచి వచ్చేసింది హజ్రత్, తీసేయిస్తాను" అని నవ్వాడు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు: "పిల్లల గదిలో పక్షుల బొమ్మలున్న వాల్‌పేపర్ వేయించవచ్చా?"

ప్రాణుల చిత్రాలను గోడలకు అలంకరించడం తగదని, చెట్లు, పూలు, నదులు వంటి నిర్జీవ చిత్రాలకు అభ్యంతరం లేదని చెప్పాము. చిత్రకారుడొకరికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇదే సలహా ఇచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ పైన ఖర్చు ఎంత అని అడిగాము. ఇల్లు కట్టడానికి అయినదానిలో దాదాపు మూడో వంతట. అందులో సగమే చేతిలో ఉందట. మిగతాది బ్యాంకులో వడ్డీకి తీసుకుందామనుకుంటున్నానని నేల చూపులు చూస్తూ అన్నాడు. పక్షి బొమ్మ గురించి నిలదీసి అడిగినవాడు వడ్డీ మాటను గొంతు తగ్గించి చెప్పాడు.

మాకు కోపం వచ్చింది. "ఇదంతా దుబారా. గోడలకు తెల్ల రంగు వేయించి, బిస్మిల్లాహ్ అని కాపురం పెట్టు" అన్నాము. దానికి తోడు ఒక హదీసు కూడా వినిపించాము. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి గుమ్మానికి అలంకారంగా ఒక వస్త్రం వేలాడదీశారు. ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన దైవప్రవక్త (స) దానిని లాగివేసి, రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ తమకు ఆదేశించలేదన్న భావంతో మాట్లాడారు. అతను మారు మాట్లాడలేదు. వచ్చే శుక్రవారం ఒకసారి ఇల్లు చూసి దుఆ చేయమని మాత్రం కోరాడు.

వెళ్లాము. గదులు చూస్తుండగా తలుపు వెనుక నుంచి అతని భార్య సలాము చెప్పి, "హజ్రత్ గారూ, మీరు దుబారా అన్నారని తెలిసింది. పాత ఇంట్లో మా అత్తగారు నలభై ఏళ్లు నేల మీద పొయ్యి ముందు వంగి వండారు. ఇప్పుడు ఆమె మోకాళ్లు వంగవు, నమాజు కుర్చీలో చేస్తారు. నాకూ నడుము నొప్పి మొదలైంది. మా ఎత్తుకు తగిన వంటగట్టు, చేతికందే అర కూడా దుబారాయేనా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేకపోయింది. ఇల్లు చూడకుండా, అందులో ఉండేవారిని అడగకుండా తీర్పు చెప్పాము. ఆమె ముందే ఆ తప్పు ఒప్పుకున్నాము. మేము వినిపించిన హదీసు మాట నిజమే కాని, దానిని సగమే వినిపించాము. ఆ వస్త్రాన్ని కోసి హజ్రత్ ఆయిషా (రజి) రెండు దిండ్లు కుట్టారనీ, దానికి దైవప్రవక్త (స) అభ్యంతరం చెప్పలేదనీ అదే ఉల్లేఖనంలో ఉంది. గోడకు తొడిగిన బట్ట మనిషి తల కిందికి రాగానే అభ్యంతరం తొలగిపోయింది. విశాలమైన ఇంటిని మానవుని సౌభాగ్యాలలో ఒకటిగా పేర్కొన్న హదీసు కూడా ఉంది. కాబట్టి ఖర్చు పెట్టినంత మాత్రాన అది దుబారా అయిపోదు. ఆ ఖర్చు మనిషికి చేరుతున్నదా, గోడ దగ్గరే ఆగిపోతున్నదా అన్నదే కొలబద్ద.

డిజైనరును పెట్టుకోవడం కూడా తప్పు కాదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే నిపుణుణ్ణి ప్రతిఫలానికి కుదుర్చుకున్నారు. ఆయన అప్పటికి ముస్లిం కాడు. అయినా దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. అయితే మదీనాకు వెళ్లాలన్న నిర్ణయం ఆ మార్గదర్శిది కాదు. మన ఇళ్ల విషయంలో జరుగుతున్న పొరపాటు ఇక్కడే ఉంది. ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండానే మార్గదర్శి వెంట నడుస్తున్నాము. ఆయన మరొక ఇంటి బొమ్మ తెచ్చి చూపిస్తే మనం తల ఊపుతున్నాము.

మర్నాడు ఆ డిజైనరును పిలిపించి అందరమూ కూర్చున్నాము. ఆయన ఒక హిందూ యువకుడు, పనిలో నేర్పరి, వినే గుణం ఉన్నవాడు. "ఈ సంగతులు నాకు ఎవరూ చెప్పలేదు మౌల్వీ గారూ" అన్నాడు. ఆ మాట నిజమే. ఆ రోజు మేము మాట్లాడుకున్న విషయాలు ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబానికీ పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది, ఇంట్లో ఎవరెవరు ఉంటారన్నది. ఒక పడక తనకు, ఒకటి భార్యకు, మూడోది అతిథికి, నాలుగోది షైతానుకు అన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అవసరాన్ని మించి కేవలం గొప్ప కోసం చేసేది షైతాను భాగమని ధర్మవేత్తలు వివరించారు. అవసరమే లెక్కకు మూలం కనుక, ఉండేవారి లెక్కతో మొదలుపెట్టాము. గీసిన పటంలో తల్లికి కేటాయించినది వెనుక వైపున్న చిన్న గది. గాజు బీరువాకు మాత్రం హాలులో మంచి గోడ దొరికింది. తల్లి గదిని ముందు వైపు కిటికీ ఉన్న గదికి మార్చాము. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, కూర్చుని వుజూ చేసుకునే గట్టు, చక్రాల కుర్చీ పట్టే మూడడుగుల తలుపు పటంలో చేర్చారు. ఆ యువకుడు "మామ్మగారూ, ఒకసారి ఇలా నిలబడండి" అని ఆమె చేయి ఎంత ఎత్తుకు అందుతుందో టేపుతో కొలుచుకున్నాడు. ఇంటి పని మొదలైనప్పటి నుంచి ఆమెను ఒక మాట అడిగినవారు అదే మొదలట.

రెండవది మరుగు. అనుమతి కోరి, సలాము చెప్పి ఇతరుల ఇళ్లలో ప్రవేశించాలని అన్-నూర్ సూరా ఆదేశించింది (24:27). ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత ఇంట్లోని చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగే పడకగదిలోకి రావాలని అదే సూరా నేర్పింది (24:58). పదేళ్లు నిండిన పిల్లల పడకలు వేరు చేయాలని హదీసు చెబుతున్నది. తలుపే లేని ఇంట్లో అనుమతి ఎక్కడ అడగాలి? మన గోదావరి సీమలోని పాత పెంకుటిళ్లలో ఈ ఏర్పాటు సహజంగానే ఉండేది. వచ్చినవారు వీధి అరుగు మీద కూర్చునేవారు. ఇంటివారి పనులు లోపలి మండువాలో సాగేవి. కైరో పాత ఇళ్లలోని నడిమి ముంగిలి, చెక్క జాలీ కిటికీలు కూడా ఇదే పని చేశాయి. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ (1900–1989) లక్సర్ ఎదుట నైలు నది పడమటి ఒడ్డున, 1940లలో మట్టి ఇటుకలతో న్యూ గుర్నా గ్రామాన్ని నిర్మించినప్పుడు ఆ ముంగిళ్లనే తిరిగి తెచ్చాడు. అయినా గ్రామస్థులు చాలామంది అక్కడికి తరలిరాలేదు. పాత ఊరిలోనే వారి బతుకుతెరువు ఉంది, ఊరు మారాలన్న నిర్ణయం వారిది కాదు. నిర్మించినవాడు ఎంత సమర్థుడైనా, ఉండేవారి సమ్మతి లేని ఇల్లు ఇల్లు కాలేదు.

మన విద్యార్థి ఇంట్లో వంటగదికి, హాలుకు మధ్య జారుడు తలుపు పెట్టాలని, అతిథులు కూర్చునే చోటికి బయటి నుంచే విడిగా దారి ఉండాలని తేల్చాము.

మూడవది ఖిబ్లా. వాస్తు చూడాలా అని డిజైనరు అడిగాడు. మన సోదరులలోనూ కొందరు ఈ భయంతో కట్టిన గోడలు పడగొట్టుకుంటున్నారు. మేలు, కీడు దిక్కుల చేతిలో లేవని, అవి అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని విశ్వసించేవారికి ఆ భయం తగదు. ఖిబ్లా అదృష్టపు దిక్కు కాదు, ఆరాధన దిక్కు. రాజమహేంద్రవరం నుంచి అది సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. ఆ యువకుడు దిక్సూచి పెట్టి చూసి, తల్లి గదిలో నేల పలకల మధ్య ఒక సన్నని నల్లరాతి గీత వేయిస్తానన్నాడు. ఇక మరుగుదొడ్డి. మలమూత్ర విసర్జన వేళ ఖిబ్లాకు ముఖం గాని, వీపు గాని పెట్టరాదని హదీసు ఉంది. సిరియాలో ఖిబ్లా వైపు కట్టిన మరుగుదొడ్లను చూసిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి), వాటిలో పక్కకు తిరిగి కూర్చుని అల్లాహ్‌ను క్షమాపణ వేడుకునేవారమని చెప్పారు. నాలుగు గోడల మధ్య దీనికి సడలింపు ఉన్నదని కొందరు ఇమాములు అన్నారు, హనఫీ ధర్మవేత్తలు అక్కడా వద్దన్నారు. పలకలు ఇంకా వేయలేదు కనుక కమోడును ఉత్తర దక్షిణాలకు తిప్పడం సులువైంది. పలకలు వేశాక ఈ మాట గుర్తొస్తే రెండింతల ఖర్చు.

నాలుగవది సరకు. మన డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ, నేలలో చెదలు ఎక్కువ. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వంటివి నీరు తగిలితే ఉబ్బిపోతాయి. ప్లైవుడ్‌లో ఐఎస్ 303 అంటే సాధారణ వాడకపు రకాల ప్రమాణం, ఐఎస్ 710 అంటే నీటికి తట్టుకునే మెరైన్ రకం ప్రమాణం. వంటగదిలో తొట్టి కింద ఏది వాడుతున్నారో అడిగి, ముద్ర చూసి తీసుకోవాలి. వంటగట్టు కింద అరలకు మన పెద్దలు వాడిన కడప బండలు చెద పట్టవు, ఉబ్బవు, పైగా చవక. హాలులో ఫాల్స్ సీలింగ్ వద్దనుకున్నారు. పిల్లల గదికి పచ్చదనం కావాలంటే వాల్‌పేపర్ ఎందుకు? పక్కనే కడియం నర్సరీలు ఉన్నాయి.

అయిదవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఒప్పందం. సరకూ పనితనమూ రెండూ డిజైనరువే అయితే దానిని షరీఅత్ పరిభాషలో 'ఇస్తిస్నా' అంటారు. ఉస్మానియా పాలనలో 1869–1876 మధ్య రూపొందిన 'మజల్లా' అనే న్యాయ స్మృతి దీనిని వివరించింది. చేయవలసిన వస్తువు వర్ణన సందేహం లేకుండా తెలియాలి. ఒప్పందం కుదిరాక ఏ పక్షమూ వెనక్కి పోరాదు. వర్ణనకు తగినట్లు లేకపోతే చేయించుకున్నవారికి దానిని తిరస్కరించే హక్కు ఉంటుంది. "మంచి ప్లైవుడ్" అన్నది వర్ణన కాదు. రకం, మందం, కొలత, గడువు కాగితం మీదికి రావాలి. అప్పులూ లావాదేవీలూ రాసుకోమని అల్-బఖరా సూరా (2:282) అంత విస్తారంగా చెప్పింది మన మధ్య సంబంధాలు చెడకూడదనే.

సరకు మనది, పనితనం ఆయనది అయితే అది 'ఇజారా', కూలి ఒప్పందం. మన డబ్బుతో మన తరఫున ఆయన కొనిపెడితే అది 'వకాలత్'. అప్పుడు దుకాణదారు ఇచ్చే తగ్గింపు యజమానిది, మనకు తెలియకుండా తీసుకునే కమీషన్ అమానతుకు విరుద్ధం. ఈ మాట అడిగితే డిజైనరు తటపటాయించి, "ప్లైవుడ్ షాపు వాళ్లు నాకు కొంత ఇస్తారండీ, మా వృత్తిలో అది మామూలే" అని నిజం చెప్పాడు. ఆయన ఫీజు చాలా తక్కువ పెట్టుకున్నాడు, లోటు అక్కడ పూడ్చుకుంటున్నాడు. న్యాయమైన ఫీజు బాహాటంగా ఇస్తామని, కమీషన్ బిల్లులో తగ్గించాలని రాసుకున్నారు. ఇద్దరికీ బరువు దిగింది. వడ్రంగుల కూలి ఏ వారానికావారం ఇవ్వాలని కూడా రాసుకున్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ఆదేశానికి, ఆ చెమట ఏ మతం వారిదన్న షరతు లేదు.

ఇక అప్పు. వంటగది, తల్లి గది, స్నానాల గదులు, తలుపులు మొదటి విడత. చేతిలో ఉన్న డబ్బు వాటికి సరిపోయింది. మిగతాది అల్లాహ్ ఇచ్చినప్పుడు చూసుకోవాలని నిర్ణయించారు. బ్యాంకుకు వెళ్లలేదు.

గత నెల వారు ఇంట్లో చేరారు. హాలు పైకప్పు ఉత్త స్లాబే, టీవీ గోడ ఉత్త గోడే. పిల్లల గదిలో తెల్ల రంగు మీద బడి టైంటేబులు అంటించి ఉంది. చూడవచ్చిన బంధువులు కొందరు "ఇంటీరియర్ ఇంకా కాలేదా?" అని అడిగారట. ఆ సమయానికి ఆ తల్లి తన గదిలో నల్లరాతి గీత దగ్గర కుర్చీ వేసుకుని అస్ర్ నమాజులో ఉన్నదని కోడలు చెప్పింది.

అల్లాహ్ మన ఇళ్లను మనకు నెమ్మదినిచ్చే నివాసాలుగా చేయుగాక! వాటిలో వడ్డీకి, గొప్పలకు చోటు లేకుండా కాపాడుగాక! ఆమీన్.