నామసంఖ్య, నాదగుణము

దైవభక్తిని బాహాటముగా ప్రకటించి రంగమెక్కిన గాయకుడు తక్కిన గాయకులకు లేని చిక్కు నొకదానిని కొనితెచ్చుకొనును. అతని కొత్త పాటలు వెలువడినప్పుడెల్ల, పాట బాగున్నదా యని ఒక పక్షమువారును, భక్తి తగ్గలేదు గదా యని వేరొక పక్షమువారును అడుగుదురు; ఉభయులును ఒకే విషయమును గూర్చి వాదించుచున్నట్లు కనబడుటచే ఆ వాదము ఎన్నటికిని తెగదు. అమెరికాలోని క్రైస్తవ హార్డ్ రాక్ బృందములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన స్ట్రైపర్ 1990లో విడుదల చేసిన ‘అగైనెస్ట్ ద లా’ అను ఆల్బమ్ రేపిన అభిప్రాయభేదము ఇందుకు చక్కని నిదర్శనము.

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో మైకేల్ స్వీట్, రాబర్ట్ స్వీట్ అను సోదరులు ఆజ్ ఫాక్స్, టిమ్ గేన్స్ అనువారితో గూడి నడపిన ఈ బృందము, తొలినాటి రాక్స్ రెజీమ్ అను పేరును విడిచి, యెషయా గ్రంథము 53వ అధ్యాయము 5వ వచనము నాధారముగా గొని కొత్త పేరు పెట్టుకొని, ఆ వచనసంఖ్యను తన చిహ్నము క్రిందనే ముద్రించుకొని, పసుపు నలుపు చారల దుస్తులతో రంగమెక్కి, కచ్చేరి నడుమ క్రొత్త నిబంధన ప్రతులను జనసమూహములోనికి విసరుటను ఆచారముగా చేసికొనెను. లాస్ ఏంజిలిస్ పరిసరముల రాక్ బృందములు మద్యమును, విశృంఖల విలాసమును, కొండొకచో సైతాను ప్రతిమను గూడ అలంకారముగా ధరించుచున్న ఆ దినములలో, వారి వేషమునే వేసికొని, వారి గిటారు ఘోషనే గైకొని క్రీస్తును స్తుతింపబూనుట సాహసమే. జిమ్మీ స్వాగర్ట్ వంటి టెలివిజన్ బోధకులు క్రైస్తవ రాక్ అనునదే అపచారమని నిందించిరి. అయినను 1986లో వెలువడిన ‘టు హెల్ విత్ ద డెవిల్’ పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయెను. అందలి ‘ఆనెస్ట్లీ’ అను గీతము బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 23వ స్థానమున కెక్కెను.

బోధకుల ఆక్షేపణకు మన సంగీతచరిత్రయే సమాధానము చెప్పగలదు. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు మెట్లకు సంస్కృత స్తుతులు కూర్చి నొట్టుస్వరములు రచించిరి. 19వ శతాబ్దమున పురుషోత్తమ చౌదరిగారు దేశీయ రాగతాళములలో రచించిన క్రీస్తు కీర్తనలు నేటికిని తెలుగు సంఘముల ఆరాధనలలో వినబడుచున్నవి. మెట్టు ఏ వాకిటినుండి వచ్చినదను ప్రశ్న నిజమైన భక్తుని ఏనాడును ఆపలేదు.

స్ట్రైపరునకు అసలు చిక్కు బయటి నిందకులవలన గాక లోపలి అభిమానులవలన వచ్చెను. 1988 నాటి ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ ఆల్బములో భక్తికి కొరత లేదు. కాని కీబోర్డుల మెరుగును, పల్లవుల తీపియును మితిమీరినవని హార్డ్ రాక్ కోరి వచ్చినవారు పెదవి విరిచిరి. రెండేండ్లకు ‘అగైనెస్ట్ ద లా’తో బృందము వారి కోరిక తీర్చెను. చారల దుస్తులు పోయెను. స్పష్టమైన సువార్తవాక్యములు పాటలనుండి దాదాపు తొలగెను. ‘ఎర్త్, విండ్ అండ్ ఫైర్’ బృందమువారి ‘షైనింగ్ స్టార్’ పాట కొత్త గొంతుతో వచ్చి చేరెను. నిర్మాత టామ్ వెర్మన్ 1983లో మోట్లీ క్రూ బృందముచే ‘షౌట్ ఎట్ ద డెవిల్’ చేయించినవాడే. ఇప్పుడు రాక్ రసికులు, బృందము చేయి తిరిగినదని మెచ్చుకొనగా, నిన్నటిదాక వెంటనున్న భక్తులు, వీరు మమ్ము నట్టేట విడిచిరని నొచ్చుకొనిరి.

దైవనామము ఎన్నిమారులు వచ్చినదని లెక్కించి పాటకు విలువ కట్టుట మూరకోలతో ధాన్యము కొలుచుట వంటిది. బైబిలులోని ఎస్తేరు గ్రంథమునందు, హీబ్రూ మూలమున, దేవుని నామము ఒక్కమారైనను రాదు. అంతమాత్రమున అది బైబిలునుండి తొలగింపబడలేదు. అయినను ఆ మూరకోలను శ్రోతల చేతికిచ్చినది బృందమే యని మరువరాదు. వచనసంఖ్యను చిహ్నముగా ధరించి, ధర్మపుస్తకమును కానుకగా పంచి, సాక్ష్యమునే తన గుర్తుగా నిలుపుకొన్నవారు, ఒకనాడు హఠాత్తుగా మా సంగీతమును మాత్రమే చూడుడనిన, శ్రోత తెల్లబోవుట న్యాయమే.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. భక్తులు మాటలలో వెదకి కానక దుఃఖించినది నిజమునకు నాదమునందే తగ్గినదని నా అభిప్రాయము. ‘టు హెల్ విత్ ద డెవిల్’ వినుడు: మైకేల్ స్వీట్ గొంతు తారస్థాయికి నిటారుగా లేచును, పల్లవులలో పలుకంఠములు చర్చి గాయకబృందమువలె ఒకదానిపై నొకటి పేరుకొనును, రెండు గిటారులు జంటగా ఒకే దారిని సాగును. అక్కడ విశ్వాసము సాహిత్యమున కంటించిన వస్తువుగా గాక, పాట కట్టుబడిలోనే కూర్చున్నది. మాటలు తెలియనివానికిని అది స్తోత్రమనియే తోచును. ‘అగైనెస్ట్ ద లా’ యందు బ్లూస్ పోకడయు, గొంతులో గరుకుదనమును, గిటారు విన్యాసమును పెరిగెను; నేర్పు విషయమున వంక పెట్టుటకు వీలులేదు. కాని ఆ కంఠసమ్మేళనము వెనుకకు జరిగిన చోటులలో అది ఆనాటి లాస్ ఏంజిలిస్ బృందములలో మరి యేదైనను పాడదగిన పాటయైనది. కావున భక్తుల ఫిర్యాదునకు కారణము సరియైనదే గాని, వారు చూపిన సాక్ష్యము సరియైనది కాదు. రసికుల మెప్పు నేర్పు మట్టునకు న్యాయమే గాని, వారు పోయినదానిని గుర్తింపలేదు.

1992లో మైకేల్ స్వీట్ బృందమును వీడెను. 2003లో మరల కలిసిన పిమ్మట చారలును, స్తోత్రములును తిరిగివచ్చెను. అందువలన భక్తులే గెలిచిరని కొందరు చెప్పుదురు. ఆ తీర్పు తొందరపాటు. దుస్తులు తిరిగివచ్చినంత సులభముగా నాదము తిరిగిరాదు, దానిని ప్రతి ఆల్బముతోను కొత్తగా సంపాదింపవలసినదే. భక్తిసంగీతమును గూర్చి, అది ఏ మతమునకు జెందినదైనను, అభిప్రాయము చెప్పువారు రెండు తీర్పులను విడివిడిగా ఇచ్చుట మేలు: పాట యెట్లున్నది, సాక్ష్యమెట్లున్నది. మొదటి తీర్పు చెవితో చెప్పవలెను. రెండవది చెప్పునప్పుడును చెవిని మూసికొనరాదు.