శ్రీబాగ్ యజమాని

ఏప్రిలు 11వ తేదీ వచ్చినప్పుడెల్ల ఆంధ్రులు స్మరింపవలసిన పేరొకటి గలదు. 1938వ సంవత్సరమున ఆ దినముననే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దివంగతులైరి. ఆయన 1867లో పుట్టినది కృష్ణాజిల్లాలోని ఎలకుఱ్ఱు, ధనమార్జించినది బొంబాయి, స్థిరపడినది చెన్నపట్టణము. నల్లమల యంచున, శ్రీశైలయాత్రికుల పాతత్రోవలోనున్న ఆత్మకూరువారికి ఆయనతో సంబంధమేమని యెవరైన నడుగవచ్చును. సంబంధము గలదు. అది ఋణసంబంధము. అందు మన మచ్చియున్నది కొంత. మనకు రావలసినది కొంత.

పంతులుగారు మొదట వర్తకులు. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, ఉద్యోగములకై ప్రాకులాడక, 1893లో బొంబాయియందు అమృతాంజనము నారంభించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి, గుణము చూపి, పిదప విక్రయించిరి. వస్తువు మంచిదైన కొన్నవాడే మరల వచ్చునను నమ్మకముతో సాగిన బేరమది. ఆ పచ్చని లేపనము తలనొప్పి గల ప్రతి యింటికిని చేరినది. కాసు కాసుగ కూడిన ధనము రాశియైనది.

ధనవంతులు దానము చేయుట మన దేశమున క్రొత్తగాదు. చెఱువులు త్రవ్వించినవారును, సత్రములు కట్టించినవారును మనకు గలరు. పంతులుగారి ప్రత్యేకత వేఱు. ఇతరులు లాభములో మిగిలినదానిని ధర్మమునకు విడిచెదరు. ఈయన వ్యాపారమునే ధర్మమునకు పనివానిగ నియమించిరి. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించిరి. 1914లో దానిని చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రిక గావించిరి. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో ఆ గ్రంథమాలయందే అచ్చయినది. మల్లికార్జునుని కొండక్రింద నివసించు మనము ఈ యొక్క గ్రంథమునకే ఆయనకు కృతజ్ఞులము కావలెను. 1923లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు గతింపగా నిలిచిపోయిన విజ్ఞానసర్వస్వమును మరల చేపట్టినవారును ఈయనయే. ఇవేవియు లాభము నాశించి పెట్టిన పెట్టుబడులు గావు. ఉప్పు సత్యాగ్రహమున కారాగృహమునకేగినప్పుడు మాత్రము ఆయన లాభనష్టముల నెంచిరా?

ఇంటినిగూర్చియు ఒకమాట చెప్పవలెను. చెన్నపురిలోని ఆయన గృహమగు శ్రీబాగ్ ఆంధ్రులకెల్ల విడిదిగ నుండెను. పుస్తకము అచ్చువేయింపగోరు పండితులును, కాంగ్రెసు కార్యకర్తలును ఆ గడప త్రొక్కినవారే. ఇల్లాలు మనసార సమ్మతింపనిది ఏ యిల్లును ఇట్టి విడిది కాజాలదు. దాత పేరు లోకమెఱుగును. వేళకాని వేళ వచ్చినవారికి విస్తరి వేయించిన రామాయమ్మగారి శ్రమ లోకమెఱుగదు. పంతులుగారి పిదప పత్రికాభారమును అల్లుడగు శివలెంక శంభుప్రసాదుగారు వహించిరి. కుటుంబము ఆయన కార్యమునకు అడ్డుగోడ గాక ఆధారస్తంభమైనది. ఇల్లు పట్టనివాడే దేశసేవకుడనియు, దేశము పట్టనివాడే గృహస్థుడనియు తలంచువారు ఆ యింటిని చూచి నేర్చుకొనదగును.

ఆ యింటనే, 1937 నవంబరు 16వ తేదీని, కోస్తా రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక వ్రాసికొనిరి. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన తమగతి యేమగునోయని సీమవారు శంకించుచున్న కాలమది. ఆ శంక అకారణము కాదు. డెల్టాకు కాలువలుండెను, సీమకు కఱవులుండెను. శంక తీర్చుటకై కోస్తావారు మాట యిచ్చిరి: తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిపారుదల పనులలో రాయలసీమ నెల్లూరు ప్రాంతములకు మొదటి ప్రాధాన్యము, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము, రాజధాని, ఉన్నతన్యాయస్థానములలో సీమ కోరినది సీమకు. అయిదు నెలలు నిండకమునుపే గృహయజమాని కన్నుమూసిరి.

ఆ ఒడంబడిక న్యాయస్థానమున చూపి డిక్రీ పొందదగిన పత్రము కాదని న్యాయవాదిగ మాకు తెలియును. కాని వర్తకుని యింట జరిగిన ఒప్పందమునకు వర్తకుని ధర్మమే కొలమానము. అంగడిలో మాటయే పత్రము. మాట తప్పినవానికి కోర్టు శిక్ష లేకపోవచ్చును; మరల అప్పు పుట్టదు.

మరి లెక్క చూతము. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని యయ్యెను, మాట చెల్లినది. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలెను. ఉన్నతన్యాయస్థానమును అచటనే నెలకొనెను. 2014 విభజన పిదప ఆ రెండును కృష్ణాతీరమున అమరావతికి చేరెను. అనంతపురమున విశ్వవిద్యాలయము 1981లో గాని వెలయలేదు. శ్రీశైల జలాశయమునకు మన పల్లెలు మునిగినవి. పోతిరెడ్డిపాడు తూములనుండి పాఱు కృష్ణమ్మ సీమ పొలములకును, చెన్నపట్టణపు దాహమునకును ఉపకరించుచున్నది, సంతోషమే. అయినను వానకై మొగము పైకెత్తి చూచు చేలు మన చుట్టును ఇంకను గలవు. చెల్లినది చెల్లినదనియు, చెల్లనిది చెల్లలేదనియు వ్రాయుటయే నిజమైన ఖాతా. ద్వేషముతో వ్రాయవలసిన పనిలేదు. మఱచిపోవలసిన పనియు లేదు.

ఇక మన వంతు బాకీ. అమృతాంజనము నేటికిని అంగళ్లలో గలదు. ఆంధ్రపత్రికయు భారతియు 1991లో నిలిచిపోయినవి. తలనొప్పి తీర్చు మందును కొనుచున్నాము; తలకు పనిచెప్పు పత్రికను నిలుపుకొనమైతిమి. ఆయన మొదటిదానిని పెట్టినది రెండవదానిని పోషించుటకే యని తలచినప్పుడు ఈ లెక్క మనకు సిగ్గు గొలుపకపోదు. తప్పు ఆ కుటుంబముది గాదు. చందా కట్టని పాఠకులది.

విగ్రహమునకు పూలదండ వేసి ఇంటికి పోవుట సులభము. మన పట్టణమందలి వర్తకులు, వకీళ్లు, ఉపాధ్యాయులు ఇంతకంటె ఎక్కువ చేయగలరు. పఠనమందిరమునకు ఏటేట కొన్ని క్రొత్త పుస్తకములు కొనిపెట్టుడు. ఒక పత్రికకైనను చందా కట్టి, చదివి, ఇరుగుపొరుగువారిచే చదివింపుడు. ఓటడుగ వచ్చిన ప్రతి నాయకుని శ్రీబాగ్ మాట లేమయినవని మర్యాదగ, విడువక, అడుగుడు. చిట్టా దాచుకొన్న వర్తకునికే బాకీ వసూలగును. పంతులుగారు మనకు విడిచిపోయిన చిట్టా అదియే.