ఆ నీరసం వెనుక పాతికేళ్ల నాటి కాన్పు ఉందేమో!

మీ ఇంట్లో నలభై, యాభై ఏళ్ల మహిళ ఎవరైనా ఎప్పుడు చూసినా నీరసంగా ఉంటారా? ఎండాకాలంలోనూ చలిగా ఉందంటూ దుప్పటి కప్పుకుంటారా? సెలైన్ ఎక్కించుకోగానే కాస్త తేరుకుని, పది రోజులకే మళ్లీ మంచం పడతారా? అయితే ఇంకో హెల్త్ చెకప్ ప్యాకేజీ బుక్ చేసే ముందు ఆమెను రెండు మాటలు అడగండి. ‘అమ్మా, కాన్పులో నీకు రక్తం బాగా పోయిందా? ఆ తర్వాత పాలు పడ్డాయా?’

నీరసానికీ, ఎప్పటిదో కాన్పుకీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ రెండింటినీ కలిపేది మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. థైరాయిడ్, అడ్రినల్, అండాశయాలు ఎంత పనిచేయాలో ఆదేశించేది అదే. గర్భం దాల్చినప్పుడు ఈ గ్రంథి పరిమాణం పెరుగుతుంది. దానికి రక్త సరఫరా మాత్రం అంతగా పెరగదు. అలాంటి సమయంలో కాన్పులో తీవ్ర రక్తస్రావమై బీపీ పడిపోతే, రక్తం అందక గ్రంథిలో చాలా భాగం చచ్చిపోవచ్చు. బ్రిటిష్ పాథాలజిస్ట్ హెరాల్డ్ షీహన్ 1937లో దీన్ని వివరించారు. అందుకే దీనికి షీహన్ సిండ్రోమ్ అని పేరు. రక్తస్రావమైన అందరికీ ఇది రాదు. వచ్చినవారిలో మాత్రం చాలామందికి జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఎందుకింత ఆలస్యం? ఒక్కో లక్షణానికి ఒక్కో సర్దుబాటు దొరుకుతుంది కాబట్టి. బాలింతకు పాలు పడకపోతే డబ్బా పాలతో సరిపెడతారు. నెలసరి మళ్లీ రాకపోతే ‘తొందరగా ఆగిపోయింది, పీడా పోయింది’ అనుకుంటారు. ముఖం పాలిపోతే రక్తహీనత, ఓపిక లేకపోతే వయసు, మాట మందగిస్తే బద్ధకం! చంకల్లో, మర్మావయవాల దగ్గర వెంట్రుకలు రాలిపోయిన సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పరు. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న విషయాలే. వరుసగా పేర్చి చూస్తేనే జబ్బు కనిపిస్తుంది.

‘ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే కదా, ఇది పాతకాలపు జబ్బు’ అని కొందరు అంటారు. కొత్త కేసులు తగ్గుతాయన్నది నిజమే. కానీ పాతిక, ముప్పై ఏళ్ల కిందట ఇళ్లలో పురుడు పోసుకున్నవారు ఎక్కడికి పోయారు? వారే ఇవాళ్టి మన అమ్మలు, అత్తలు. కశ్మీర్ లోయలో జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనం, అక్కడ 20 ఏళ్లు దాటిన మహిళల్లో సుమారు 3 శాతం మందికి ఈ సమస్య ఉండవచ్చని అంచనా వేసింది. ఆ లెక్క మన ప్రాంతానికి వర్తించకపోవచ్చు. అయినా పట్టించుకోనక్కర్లేని జబ్బు కాదని చెప్పడానికి అది చాలు. పైగా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు ఎక్కువ. వారి విషయంలో నెలసరి ఆగిందన్న ఆధారం కూడా మాకు దొరకదు.

ఇక పరీక్షల సంగతి. నీరసం అనగానే చాలామంది టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి, ‘థైరాయిడ్ నార్మల్’ అని ఊపిరి పీల్చుకుంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ. ఆ గ్రంథే దెబ్బతింటే, థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గినా టీఎస్‌హెచ్ పెరగదు. రిపోర్టులో నార్మల్‌గానే కనిపించవచ్చు. అందుకే అనుమానం ఉన్నప్పుడు దానితోపాటు ఫ్రీ టీ4 చూడాలి. ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్, ఇంకా ప్రొలాక్టిన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, రక్తంలో సోడియం కూడా చూడాలి. కార్టిసాల్ తెల్లవారుజామున, ఉదయం పూట ఎక్కువగా ఉండి సాయంత్రానికి సహజంగానే తగ్గుతుంది. కాబట్టి ఏ వేళలో పడితే ఆ వేళలో ఇచ్చిన రక్తంతో ఏమీ తేలదు. కీళ్ల నొప్పులకో, ఆయాసానికో స్టెరాయిడ్ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. అది ఫలితాన్ని మార్చేస్తుంది. ఎమ్మారై అవసరమా కాదా అన్నది ఆ తర్వాతి మాట.

చికిత్సలో వరుస కూడా ముఖ్యమే. కార్టిసాల్ తక్కువగా ఉన్నవారికి ముందు స్టెరాయిడ్ హార్మోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. తిరగేస్తే ప్రాణం మీదకు రావచ్చు. ‘స్టెరాయిడ్ అంటే భయం’ అని మానేసేవారూ ఉన్నారు. ఇది శరీరం తయారుచేసుకోలేని హార్మోన్‌ను తగిన మోతాదులో భర్తీ చేయడమే. చాలామందికి జీవితాంతం అవసరం. జ్వరం వచ్చినా, ఆపరేషన్ చేయించుకున్నా డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి వచ్చి ఇంజక్షన్ చేయించుకోవాలి. జబ్బు తెలియనివారు మా దగ్గరికి వచ్చేది కూడా తరచుగా అలాంటి రోజునే. రెండు రోజుల విరేచనాలకే సోడియం, షుగర్ పడిపోయి స్పృహ తప్పిన స్థితిలో తీసుకొస్తారు. సెలైన్ బాటిల్ అప్పటికి కాస్త నిలబెడుతుంది. కానీ లోపించిన హార్మోన్‌ను ఇవ్వలేదు.

మా ఓపీలో ఒక్కో రోగికి దొరికే సమయం ఎంతో మీకూ తెలుసు. పాతికేళ్ల కిందటి కాన్పు గురించి ప్రతి డాక్టరూ అడగాల్సిందే. ఎందుకు అడగలేదని మీరు నిలదీసినా తప్పులేదు. అయితే వాళ్లు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి. కాన్పులో రక్తం ఎక్కించారా? గర్భసంచి తీసేశారా? పాలు పడ్డాయా? నెలసరి తిరిగొచ్చిందా? ఈ నాలుగూ చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఇటీవల కాన్పైన ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆమె డిశ్చార్జ్ సమ్మరీని ఆస్తి కాగితాల్లా దాచండి. పాలు పడకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, కాబట్టి కంగారు పడకండి. కానీ తీవ్ర రక్తస్రావం తర్వాత పాలే పడకపోతే, నెలలు గడిచినా నీరసం తగ్గకపోతే మాత్రం డాక్టరుకు ఆ మాట చెప్పి తీరండి.

నీరసం అన్నది జబ్బు పేరు కాదు, వయసుకు మారుపేరూ కాదు. ఏళ్ల తరబడి ‘నాకేం బాగోలేదు’ అంటున్న మనిషిని బద్ధకస్తురాలని తేల్చేసే ముందు, ఆమె కాన్పు కథ ఒక్కసారి పూర్తిగా వినండి.